చపాతీ చెయ్యి పక్కన పెట్టండి, ఇంట్లోనే మంచి బ్రెడ్డు వస్తుంది

మైదా, నీళ్ళు, ఉప్పు, ఈస్టు. మామూలు బ్రెడ్డుకి నిజంగా కావాల్సినవి ఈ నాలుగే. కొంచెం చక్కెర, కొంచెం వెన్న వేస్తే మనకి అలవాటైన మెత్తదనం వస్తుంది, వెయ్యకపోయినా బ్రెడ్డు బ్రెడ్డే. ఇంత తక్కువ సామానుతో చేసేది చాలా ఇళ్ళల్లో ఇటుకలా ఎందుకు వస్తోందంటే, నేను చూసినంతలో పెద్ద కారణం ఒకటే. మన చేతికి చపాతీ పిండి అలవాటు. పిండి వేళ్ళకి అంటుకోగానే, ఆలోచించకుండానే, ఇంకో గుప్పెడు పొడి పిండి చల్లేస్తాం. చపాతీకి అది సరైన పనే. బ్రెడ్డు మాత్రం అక్కడే చెడుతుంది.

మాది హిందూపురం, బెంగళూరు వచ్చి చాలా ఏళ్ళయింది. బ్రెడ్డు మొదలుపెట్టిన కొత్తలో వరసగా నాలుగు సార్లు గట్టిగానే వచ్చింది, ఈస్టు మార్చాను, ఓవెన్ వేడి మార్చాను, ఏం చేసినా అంతే. ఐదోసారి కలుపుతున్నప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. గిన్నెలోకి చూసి, "ఇంత గట్టిగా కలిపితే ఎట్లా పొంగుతుందే? ఇడ్లీ పిండి గట్టిగా ఉంటే పొంగుతుందా?" అంది. అమ్మ జన్మలో బ్రెడ్డు చెయ్యలేదు, కానీ పులిసే పిండిని రోజూ చూసిన మనిషి. ఆ రోజు ఇంకో 40 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి మళ్ళీ పిసికాను, అప్పటిదాకా రాని బ్రెడ్డు వచ్చింది. అప్పటినుంచి నేను అందరికీ చెప్పేది ఇదే, కలిపేటప్పుడు చపాతీ చెయ్యి మర్చిపోండి, పొంగేటప్పుడు ఇడ్లీ పిండిని చూసే కన్ను తెచ్చుకోండి. ఆ కన్ను మనందరికీ ఉంది. కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే.

ముందు ఒక చిన్న డిజిటల్ తూకం కొనండి. ఐదారు వందల్లో వచ్చేస్తుంది. కప్పులతో కొలిస్తే ఎందుకు కుదరదంటే, ఒకే కప్పులో మైదాని వదులుగా నింపితే 120 గ్రాములు పడుతుంది, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా పోతుంది. నీళ్ళు మాత్రం అంతే పోస్తాం. అంటే మీరు ఏ తప్పూ చెయ్యకుండానే పిండి గట్టిపడిపోతుంది. చపాతీకి కొలత అక్కర్లేదు, చేతికి తెలిసిపోతుంది. ఇక్కడ మన చెయ్యి చెప్పేదే తప్పు కాబట్టి, మొదటి పది సార్లూ తూకం చెప్పినట్టే వినండి.

ఒక బ్రెడ్డుకి నా కొలతలు ఇవి. ఎనిమిదిన్నర అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు ఉన్న బ్రెడ్డు టిన్నుకి సరిపోతాయి. మైదా 350 గ్రాములు, నీళ్ళు 225 గ్రాములు (నీళ్ళని కూడా తూకం మీదే పోసుకోండి, ఒక మిల్లీలీటరు ఒక గ్రామే), ఇన్‌స్టంట్ ఈస్టు 4 గ్రాములు, అంటే ఒకటింబావు టీస్పూను, ఉప్పు 6 గ్రాములు, చక్కెర ఒక టేబుల్‌స్పూను, వెన్న గానీ వాసన లేని నూనె గానీ 20 గ్రాములు. మెత్తగా పిల్లలకి నచ్చేలా కావాలంటే నీళ్ళల్లో 75 గ్రాములు తగ్గించి, 85 గ్రాముల పాలు పొయ్యండి. ఆ పాలని ఒకసారి కాచి చల్లార్చి వాడండి. నందిని ప్యాకెట్ పాలు ఏ రకమైనా పర్వాలేదు.

మైదా గురించి. మన కిరాణా కొట్టు మైదాలో మాంసకృత్తులు మామూలుగా 9 నుంచి 11 శాతం మధ్య ఉంటాయి, ప్యాకెట్ వెనక వంద గ్రాములకి ఎంతో రాసి ఉంటుంది, చూసి ఎక్కువ ఉన్నది తీసుకోండి. 11 ఉంటే బ్రెడ్డు ఎత్తుగా నిలబడుతుంది. ఎందుకంటే ఆ మాంసకృత్తులు నీళ్ళు తగలగానే ఒకదానికొకటి అల్లుకుని గ్లూటెన్ అనే సాగే వల అవుతాయి, ఈస్టు వదిలే గాలి ఆ వలలో చిక్కుకుంటేనే పొంగడం అనేది జరిగేది. బియ్యప్పిండితో ఎంత ఈస్టు వేసినా బ్రెడ్డు రాదు, అందులో ఈ వల లేదు. లూజుగా అమ్మే మైదా ఎప్పటిదో తెలియదు కాబట్టి నేను వాడను. వాడేముందు జల్లించండి, వానాకాలంలో పురుగు త్వరగా పడుతుంది.

పొడి ఈస్టు రెండు రకాలుగా దొరుకుతుంది. ఇన్‌స్టంట్ ఈస్టు సన్నటి రవ్వలా ఉంటుంది, నేరుగా పిండిలో కలిపెయ్యొచ్చు. యాక్టివ్ డ్రై ఈస్టు కొంచెం లావు గుండ్లు, దాన్ని గోరువెచ్చటి నీళ్ళల్లో చిటికెడు చక్కెరతో పది నిమిషాలు నానబెట్టి, నురగ వచ్చాక కలపాలి, కొలత కూడా పావు వంతు ఎక్కువ వెయ్యాలి. కొనేటప్పుడు తేదీ చూడండి. తేదీ చూసినా సరే, కొత్త ప్యాకెట్ విప్పినప్పుడు ఒకసారి అర గ్లాసు గోరువెచ్చటి నీళ్ళు, అర చెంచా చక్కెర, అర చెంచా ఈస్టు కలిపి పది నిమిషాలు పక్కన పెట్టి చూడండి. పైన నురగ కట్టకపోతే ఆ ఈస్టు చచ్చిపోయింది, పారెయ్యండి. ఒకసారి ఈ పరీక్ష చెయ్యకుండా రెండు కిలోల పిండి కలిపేశాను, ఇంటికి చుట్టాలు వస్తున్నారని, సాయంత్రం దాకా అది కదల్లేదు. ఆ పిండంతా చివరికి పూరీలకి పోయింది. విప్పిన ప్యాకెట్‌ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచితే నెలల తరబడి బాగుంటుంది, మనం ఎలాగూ ఒకసారికి ఒక చెంచానే వాడతాం.

నీళ్ళ వేడి విషయంలో చాలామంది టెన్షన్ పడతారు, అంత అక్కర్లేదు. పసిబిడ్డకి స్నానం చేయించే నీళ్ళు ఎంత వెచ్చగా ఉంటాయో అంతకన్నా వేడి ఎప్పుడూ వద్దు. 55, 60 డిగ్రీల దగ్గర ఈస్టు చచ్చిపోతుంది. డిసెంబరు, జనవరి పొద్దున్నల్లో బెంగళూరు వంటింట్లో నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి అప్పుడు గోరువెచ్చన, మార్చి నుంచి మే దాకా కుండ నీళ్ళంత చల్లన. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు బాగా ఉప్పదనంతో వచ్చే ఇళ్ళల్లో, క్లోరిన్ వాసన ఘాటుగా ఉన్నచోట్ల, తాగే నీళ్ళే వాడండి.

ఇప్పుడు కలపడం. వెడల్పాటి గిన్నెలో మైదా, ఈస్టు, చక్కెర వేసి కలిపి, నీళ్ళు మొత్తం ఒకేసారి పొయ్యండి. చపాతీకి పోసినట్టు కొంచెం కొంచెం పోస్తూ చూడొద్దు, అలా పోస్తే మన చెయ్యి మధ్యలోనే చాలు అనేస్తుంది. గరిటెతో గానీ ఒక చేత్తో గానీ పొడి పిండి ఎక్కడా కనబడకుండా కలిపి, మూత పెట్టి 20 నిమిషాలు వదిలెయ్యండి. ఉప్పూ వెన్నా ఇంకా వెయ్యలేదు, తర్వాత వేస్తాం. ఈ 20 నిమిషాలూ మైదా నీళ్ళు పీల్చుకుని ఆ వల దానంతట అదే సగం అల్లుకుంటుంది. మినప్పప్పు నానకుండా రుబ్బితే ఎంత కష్టమో, నానాక ఎంత తేలికో గుర్తు తెచ్చుకోండి, ఇది కూడా అలాంటిదే. ముద్దగా, అస్తవ్యస్తంగా ఉన్న పిండి 20 నిమిషాల తర్వాత ముట్టుకుంటే నునుపెక్కి ఉంటుంది.

తర్వాత ఉప్పు చల్లి, మెత్తటి వెన్న వేసి, పిసకడం మొదలుపెట్టండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు భయంగా ఉంటుంది. వెన్న వేశాక పిండి జారిపోతుంది, విడిపోతుంది, వేళ్ళకీ గట్టుకీ అంటుకుంటుంది, ఇది చెడిపోయింది అనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే చెయ్యి మైదా డబ్బా వైపు పోతుంది. పోనివ్వకండి! పొడి పిండి బదులు చేతులు నీళ్ళతో తడుపుకోండి, లేదా రెండు చుక్కల నూనె రాసుకోండి. తడి చేతికి తడి పిండి అంటుకోదు. గట్టు మీద పిండిని ముందుకి సాగదీసి, మడిచి, పావు వంతు తిప్పి, మళ్ళీ సాగదియ్యండి. అరచేతి మడమతో తోస్తూ, పిడికిలితో గుద్దకుండా, లయగా. అంటుకున్నదాన్ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి మళ్ళీ ముద్దలో కలుపుకోండి, ఏమీ పారెయ్యొద్దు. ఆరేడు నిమిషాలకి అంటుకోవడం తగ్గుతుంది. పది, పన్నెండు నిమిషాలకి ఉపరితలం నున్నగా, చెవి తమ్మెలా మెత్తగా అయిపోతుంది.

అయిందో లేదో తెలుసుకోవడానికి నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా నాలుగు వైపులా సాగదియ్యండి. పూతరేకులా పల్చబడి, తెగకుండా, అవతల వెలుతురు కనిపించాలి. చిరిగిపోతే ఇంకో రెండు మూడు నిమిషాలు పిసికి మళ్ళీ చూడండి. అప్పటికీ చిరుగుతుంటే పిండి అలిసింది, మీరూ అలిశారు, పది నిమిషాలు మూత పెట్టి వదిలి తర్వాత చూడండి, చాలాసార్లు అంతలోనే సరిపోతుంది. బల్లమీది మిక్సర్‌కి పిండి కలిపే కొక్కెం ఉంటే తక్కువ వేగంలో ఎనిమిది నిమిషాలు చాలు. నేను మాత్రం చేత్తోనే చేస్తాను, పిండి ఎప్పుడు మారుతుందో చేతికి తెలుస్తుంది.

ఈ పిసకడానికి పట్టే టైమునీ, పొంగడానికి పట్టే టైమునీ తగ్గించడానికే చాలాచోట్ల బ్రెడ్డులో రకరకాల పొడులు కలుపుతారు. పొటాషియం బ్రోమేట్ అలాంటిదే, పిండికి బలం ఇచ్చి బాగా పొంగేలా చేస్తుంది. మన దేశంలో 2016లో దాన్ని వాడకూడదన్నారు. ఇంట్లో మన దగ్గర పన్నెండు నిమిషాల ఓపికా, గంటన్నర తీరికా ఉంటే అలాంటివేవీ అవసరం పడవు.

ఇంక పొంగనివ్వడం. గిన్నెకి లోపల నూనె రాసి, పిండి ముద్ద పెట్టి, పైన తడిగుడ్డ గానీ పళ్ళెం గానీ కప్పండి. ఎంతసేపు అని నన్ను అందరూ అడుగుతారు. బెంగళూరులో ఏప్రిల్ మధ్యాహ్నం అయితే 50 నిమిషాలు, జూలైలో ముసురు పట్టిన రోజు గంటంపావు, జనవరిలో రెండు గంటలు కూడా పట్టొచ్చు. మా చెల్లెలు చెన్నైలో ఉంటుంది, ఇదే కొలతతో చేస్తే వాళ్ళింట్లో మే నెలలో 35 నిమిషాలకే గిన్నె నిండిపోతుంది, అందుకే తను చల్లటి నీళ్ళు పోసి, ఈస్టు 3 గ్రాములే వేస్తుంది. కాబట్టి గంటల లెక్క పెట్టుకోవద్దు. ఇడ్లీ పిండికి ఎవరూ టైమర్ పెట్టరు కదా, ఎండాకాలం సాయంత్రం రుబ్బితే ఎంత, చలికాలం రుబ్బితే ఎంత అన్నది చూసి తెలుసుకుంటాం. ఇదీ అంతే, రెట్టింపు అవ్వాలి. గుర్తు కావాలంటే నిలువు గోడలున్న స్టీలు డబ్బాలో పెట్టి, పిండి ఎక్కడిదాకా ఉందో బయట ఒక టేపు ముక్క అంటించండి. రెట్టింపయ్యాక పిండిలో ఒక వేలు ముంచి తీస్తే గుంట అలాగే నిలవాలి.

ఇంకో సంగతి. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇంత ఎత్తులో గాలి ఒత్తిడి కొంచెం తక్కువ కాబట్టి అదే వేడిలో పిండి సముద్రం పక్క ఊరికన్నా కాస్త ముందే పొంగుతుంది. పెద్ద తేడా కాదు, కానీ చెన్నైలోనో విజయవాడలోనో ఎవరో చెప్పిన నిమిషాలు ఇక్కడ అచ్చంగా సరిపోకపోవడానికి ఎండా చలీతో పాటు ఇదీ ఒక కారణం.

చలికాలంలో పొంగడం లేదని ఈస్టు ఎక్కువ వేసేవాళ్ళున్నారు. వద్దు, బ్రెడ్డు కల్లు వాసన వస్తుంది. దానికన్నా ఓటీజీ (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) ఆన్ చెయ్యకుండా, లోపల ఒక గ్లాసు మరిగిన నీళ్ళు పెట్టి, పక్కన పిండి గిన్నె పెట్టి తలుపు వేసెయ్యండి. మా జేజి, అంటే అవ్వ, చలికాలంలో ఇడ్లీ పిండి గిన్నెని పొయ్యి పక్కన గోనెపట్టా కప్పి పెట్టేది, అదే పద్ధతి.

రెట్టింపయిన పిండిని గట్టు మీదకి తీసి అరచేత్తో మెల్లగా నొక్కితే పెద్ద గాలి బుడగలు పోతాయి. టిన్ను పొడవుకి సరిపోయే వెడల్పుతో నలుచదరంగా పరిచి, ఒక అంచు నుంచి చాప చుట్టినట్టు బిగువుగా చుట్టండి. ప్రతి చుట్టుకీ వేళ్ళతో లోపలికి నొక్కాలి, వదులుగా చుడితే కోసినప్పుడు మధ్యలో గుహల్లా కనిపిస్తాయి. చివరి అంచుని చిటికెలతో నొక్కి అతికించి, ఆ అతుకు కిందికి వచ్చేలా, వెన్న రాసిన టిన్నులో పెట్టండి.

రెండోసారి పొంగడం మొదటిదానికన్నా త్వరగా అవుతుంది, 35 నుంచి 60 నిమిషాలు. నేను ఎక్కువ బ్రెడ్డులు పోగొట్టుకున్నది ఈ దశలోనే. మధ్యలో పిండి గుమ్మటంలా టిన్ను అంచుకన్నా ఒక అంగుళం పైకి వస్తే చాలు. పక్కన వేలితో మెల్లగా తాకండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైముంది. నెమ్మదిగా లేచి, కొంచెం గుర్తు మిగిల్చితే ఇదే సమయం, ఓవెన్ అప్పటికే వేడెక్కి సిద్ధంగా ఉండాలి. గుంట అసలు లేవకుండా చుట్టూ కూడా కుంగిపోతే మించిపోయింది. మించిపోయిన ఇడ్లీ పిండి గిన్నెలో దిగిపోయి పుల్లబడినట్టే ఇదీ ఓవెన్లోకి వెళ్ళగానే చప్పబడుతుంది. అలా మించిందని తెలిస్తే ఓవెన్లో పెట్టకండి, తీసి మళ్ళీ మెల్లగా నొక్కి, చుట్టి, ఇంకోసారి పొంగనివ్వండి, రుచి కాస్త తగ్గినా బ్రెడ్డు దక్కుతుంది. తొందరపడి ముందే పెట్టేస్తే ఇంకో రకం నష్టం, ఒక పక్క పగిలి, అడుగున జిగటగా గట్టి పొర ఉండిపోతుంది.

ఓవెన్ ఏది ఉన్నా సరే, పిండి అంగుళం పైకి రావడానికి ఒక పదిహేను నిమిషాల ముందు 200 డిగ్రీలకి పెట్టి ఆన్ చెయ్యండి. ఓటీజీలో కింద కడ్డీ, పై కడ్డీ రెండూ. చిన్న ఓటీజీలో తీగల అరని కింది మెట్టు మీద పెట్టండి, లేకపోతే పై కడ్డీకి బ్రెడ్డు మరీ దగ్గరై లోపల ఉడక్కముందే నల్లబడుతుంది. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 180 చాలు. అంకెల బటన్ చెప్పే వేడికీ లోపలి వేడికీ 20, 30 డిగ్రీల తేడా ఉండటం మామూలే, నాలుగైదు వందలు పెట్టి లోపల వేలాడదీసే థర్మామీటరు కొంటే మీ ఓవెన్ సంగతి తెలిసిపోతుంది. టిన్ను లోపల పెట్టాక మొదటి ఇరవై నిమిషాలు తలుపు తియ్యొద్దు. ఇరవై నిమిషాలకి పైన బంగారు రంగు వచ్చేసి ఉంటే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి, ఇంకో పది పన్నెండు నిమిషాలు ఉంచండి. మొత్తం 30 నుంచి 35 నిమిషాలు.

ఉడికిందా లేదా? టిన్ను నుంచి తీసి, తిరగేసి, అడుగున వేళ్ళతో తట్టితే డొల్లగా, పండిన పుచ్చకాయ మీద తట్టినట్టు మోగాలి. పొడుచుకునే థర్మామీటరు ఉంటే నడుమ 93 నుంచి 95 డిగ్రీలు చూపించాలి. సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు కొందరు 98 దాకా ఉండాలంటారు. ఇక్కడ నీళ్ళు మరిగేదే 97 దగ్గర, తడి ఉన్న బ్రెడ్డు అంతకన్నా వేడెక్కదు, అంకె కోసం చూస్తూ కూర్చుంటే బ్రెడ్డు ఎండిపోతుంది.

కరెంటు గురించి చెప్పకపోతే బెంగళూరు వంట సగమే చెప్పినట్టు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తే ఎప్పుడు పోతుందో తెలియదు. పిండి పొంగుతుండగా పోతే టిన్నుతో సహా ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, గంట రెండు గంటలు ఆగుతుంది. కాలుతుండగా, ఇరవై నిమిషాలు దాటాక పోతే తలుపు తియ్యకుండా పదిహేను నిమిషాలు అలాగే వదలండి, లోపలి వేడికి చాలావరకు ఉడుకుతుంది, కరెంటు వచ్చాక మిగతాది. పెట్టిన ఐదు నిమిషాలకే పోతే మాత్రం ఇలా నిలబడదు. అలాంటప్పుడు తీసి, ముక్కలు చేసి, పెనం మీద మూత పెట్టి సన్నటి సెగన కాల్చుకున్నాం మేము, బన్నుల్లాగే తిన్నాం.

బయటికి తీసిన వెంటనే టిన్ను నుంచి విడదీసి తీగల అర మీద పెట్టండి. టిన్నులోనే ఉంచితే ఆవిరి నీరై అడుగు తడిసిపోతుంది. పైన వేడి మీదే కొంచెం వెన్న రాసి పల్చటి గుడ్డ కప్పితే పెంకు మెత్తబడుతుంది. ఇప్పుడు కొయ్యొద్దు. ఇక్కడ కూడా మన చపాతీ అలవాటే అడ్డం వస్తుంది, పొయ్యి మీంచి దిగింది దిగినట్టే తినాలనిపిస్తుంది, ఇల్లంతా ఆ వాసన, పిల్లలు చుట్టూ నిలబడి ఉంటారు. కానీ లోపల పిండిపదార్థం ఇంకా గట్టిపడుతూనే ఉంది, వేడిగా కోస్తే కత్తికి జిగురు అంటుకుని ముక్క ముద్దవుతుంది, మిగతా బ్రెడ్డు కూడా ఆవిరంతా పోయి త్వరగా ఎండుతుంది. గంటన్నర ఆగండి. పళ్ళున్న కత్తితో, నొక్కకుండా రంపం లాగినట్టు కొయ్యండి.

ఓవెన్ లేనివాళ్ళు ఆగిపోనక్కర్లేదు. మందపాటి అడుగున్న పాత కుక్కర్ తీసుకుని, రబ్బరు, విజిల్ రెండూ తప్పకుండా తీసెయ్యండి. అడుగున రెండు కప్పుల కళ్ళుప్పు పరిచి, ఒక స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు మధ్య సెగన వేడి చెయ్యండి. పైన చెప్పిన కొలతలో సగం చేసి, పొంగిన పిండి ఉన్న గుండ్రటి గిన్నెని స్టాండు మీద పెట్టి, మూత వేసి, సన్నటి సెగన 40 నుంచి 45 నిమిషాలు. పైన రంగు రాదు, పాలిపోయి ఉంటుంది, చల్లారాక వెన్న రాసిన పెనం మీద బోర్లించి రెండు నిమిషాలు ఉంచితే రంగు వస్తుంది. ఆ ఉప్పుని చల్లార్చి డబ్బాలో పోసుకోండి, మళ్ళీ మళ్ళీ ఇదే పనికి వస్తుంది. రోజూ పప్పు వండే కుక్కర్ మాత్రం దీనికి పెట్టొద్దు, ఖాళీ కుక్కర్‌కి అంత సెగ తగిలితే పాడవుతుంది.

ఆఫీసుకి వెళ్ళే వాళ్ళకి ఇంకో దారి ఉంది, నిజానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఈస్టు 2 గ్రాములకి తగ్గించి రాత్రి భోజనాలయ్యాక కలిపి పిసికి, అరగంట బయట ఉంచి, మూత బిగించిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. పొద్దున్నే తీసి, చుట్టి, టిన్నులో పెడితే చల్లగా ఉంటుంది కాబట్టి రెండోసారి పొంగడానికి గంటన్నర పైనే పడుతుంది, స్నానాలూ పూజా అయ్యేసరికి సరిపోతుంది. రాత్రంతా నెమ్మదిగా పులిసిన పిండికి వచ్చే రుచి గంటలో పొంగినదానికి రాదు. నిన్న రుబ్బిన పిండితో వేసిన దోసెకీ, అప్పటికప్పుడు కలిపిన అట్టుకీ ఎంత తేడానో అంత తేడా.

గోధుమ పిండితో చెయ్యొచ్చా అని అడక్కుండా మన ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. చెయ్యొచ్చు, కానీ మొదటిసారే మొత్తం గోధుమ పిండితో చేసి నిరాశపడొద్దు. ఆటాలో మాంసకృత్తులు తక్కువేం కాదు, అందులోని పొట్టు ఆ గ్లూటెన్ వలని తెంపుతూ ఉంటుంది, పైగా చక్కీలో నలిగిన పిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది. 350లో 100 గ్రాములు ఆటా, 250 మైదాతో మొదలుపెట్టండి, నీళ్ళు 20 గ్రాములు పెంచండి, నాననిచ్చే టైము 20 బదులు 40 నిమిషాలు చెయ్యండి. అది కుదిరాక సగం సగం. పూర్తి ఆటా బ్రెడ్డు ఎప్పుడూ కొంచెం బరువుగానే ఉంటుంది, దాన్ని అలాగే ఇష్టపడి తినాలి. కొట్టులో బ్రౌన్ బ్రెడ్డు అంటే అంతా గోధుమ పిండే అనుకోకండి, వెనక అక్షరాలు చదివితే కొన్నిటిలో మైదా పేరు ముందు, క్యారమెల్ రంగు పేరు తర్వాత కనిపిస్తాయి.

గుడ్డు వెయ్యాలా అని కూడా అడుగుతారు. మామూలు బ్రెడ్డుకి అవసరమే లేదు. ఈ ఊళ్ళో దానికి రుజువు వీధి వీధికీ ఉంది. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు ఇక్కడ గుడ్డు లేని బేకరీలు పెట్టారు, అందులో మొదటిదైన చిక్‌పేట బీబీ బేకరీ 1898 నాటిది. అయ్యంగార్ బేకరీ బ్రెడ్డు సాయంత్రం తాజాగా తింటే గుడ్డు లేని లోటు ఎక్కడా కనబడదు. మీకు వాళ్ళ ఖారా బన్ను ఇష్టమైతే ఇదే పిండిలో వెన్న ఇంకో 10 గ్రాములు పెంచి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, కరివేపాకు కలిపి ఎనిమిది ఉండలు చేసుకోండి. ఉల్లిపాయని ముందే వేయించి చల్లార్చి వెయ్యండి, పచ్చిది వేస్తే నీళ్ళు వదిలి పిండి జారుతుంది. బన్నులకి 190 డిగ్రీల్లో 18 నిమిషాలు చాలు.

దాచుకోవడం దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఆ చల్లదనంలో బ్రెడ్డులోని పిండిపదార్థం బయటకన్నా త్వరగా బిర్రబిగుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి పలుకులు కట్టినట్టే. మొదటి రెండు రోజులూ పూర్తిగా చల్లారిన బ్రెడ్డుని గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో బయటే ఉంచండి. ఇందులో నిల్వ మందులేవీ లేవు కాబట్టి వానాకాలంలో మూడో రోజుకే బూజు పట్టొచ్చు, ఒక ముక్కకి బూజు కనిపిస్తే ఆ ముక్క ఒక్కటే తీసేసి మిగతాది తినొద్దు, మొత్తం పారెయ్యాలి. ఇద్దరే ఉన్న ఇల్లయితే చేసిన రోజు సాయంత్రమే మొత్తం కోసి, సగం ముక్కలు కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టండి, నెల రోజులు ఉంటాయి. కావాల్సినప్పుడు గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే పెనం మీద వేసి నెయ్యితో రెండు వైపులా కాల్చండి. మా ఇంట్లో దాని మీద శెనక్కాయల పొడి చల్లుకుని తింటాం.